లైన్లో మొదటి జత

బస్వరాజ్‌కు మనుషుల మీద కన్నా చెప్పుల మీద నమ్మకం ఎక్కువ. మనిషి లైన్లో నిలబడితే ఆకలేస్తుంది, ఎండ కొడుతుంది, పక్కవాడితో మాటా మాటా పెరిగి పోట్లాటకు దిగుతాడు. చెప్పులకు ఆ బాధలేవీ లేవు. పెట్టిన చోట పడి ఉంటాయి. వానాకాలంలో ఝరాసంగంలో యూరియా లారీ వస్తుందని తెలిస్తే చాలు, ఎరువుల దుకాణం ముందు రెండు వందల జతలు బారుగా నిలబడతాయి. వాటి ఆసాములు ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతుంటారు. లైను కదిలినప్పుడు ఆసామి లేకపోతే వెనకవాళ్లే ఆ జతను ముందుకు జరపాలి. జతకు రెండు బస్తాలు. ఈ కట్టుబాటును ఏ అధికారీ కాగితం మీద రాయలేదు, ఏ రైతూ తప్పలేదు.

అందుకే మాఘమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, జహీరాబాద్‌లో హైవే పక్కనున్న ఫంక్షన్ హాలు దగ్గర, టికెట్ల కిటికీ ఇంకా తెరవకముందే బస్వరాజ్ తన తోలు చెప్పులు విప్పి దాని కింద బుద్ధిగా పెట్టాడు. వాటి వెనక దుమ్ములో బొటనవేలితో ఒక గీత కూడా గీశాడు. వరండా ఊడుస్తున్న ఒక ఆడమనిషి తప్ప అక్కడ నరపురుగు లేదు. మొదటి నంబరు తనదే అనుకుని, గోడ నీడన తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అక్కడ పాడబోయేది సుమిత్రాబాయి హిరేమఠ్. కలబురగి ఆమె, హిందుస్తానీ గాయని. డెబ్బై ఎనిమిదేళ్లు. ఈ ఏడాదితో సభల్లో పాడడం చాలిస్తానని చెప్పేసింది. ఇంకేముంది, ఇటు హైదరాబాద్ నుంచీ అటు బీదర్, షోలాపూర్ నుంచీ జనం ఎగబడ్డారు. కుర్చీల టికెట్లన్నీ రెండు రోజుల్లో ఫోన్లలోనే అయిపోయాయి. మిగిలినవల్లా వెనక గోడ దగ్గర నిలబడి వినేవాళ్లకని దాచిన నలభై టికెట్లు. వాటిని ఆ రోజే, నాలుగు గంటలకు, కిటికీలో ఇస్తారు.

కుర్చీలు చేజారడంలో తప్పంతా బస్వరాజ్‌దే. ముప్పై ఏళ్ల కాపురంలో భార్య శివమ్మ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. "సుమిత్రాబాయి జహీరాబాద్ వస్తున్నదంట. ఒక్కపారి ఆమె పాట కండ్ల ముందల వినాలె," అంది. "గది నా పని," అన్నాడు ఈయన. అనేసి, అల్లం తవ్వకంలో పడి నాలుగు రోజులు మరిచిపోయాడు. అసలు పాట కచేరీకి టికెట్లు అయిపోతాయన్న సంగతే ఆయన బుర్రకు ఎక్కలేదు. ఐదో రోజు కూతురు రుచిత ఫోన్ చూసి "అయిపోయినయ్ బాపూ" అంది. శివమ్మ తలెత్తకుండా జొన్నరొట్టె తడుతూనే ఉంది. నాలుగు తిట్టినా బాగుండేదని బస్వరాజ్‌కు అనిపించింది.

ఆమెకు ఆయన పడ్డ బాకీ పైసల్లో తీరేది కాదు. రెండేళ్ల కింద చెరకు ట్రాలీ మీద నుంచి పడి బస్వరాజ్ తుంటి ఎముక విరిగింది. దవాఖాన నుంచి వచ్చాక మూడు నెలలు మంచమే. నొప్పికి నిద్ర లేదు, నిద్ర లేక కోపం. అన్నం పెడితే కేక, పెట్టకపోతే కేక. శివమ్మ పుట్టిల్లు బీదర్ వైపు పల్లె. ఆమె తండ్రి రేడియోలో సుమిత్రాబాయి పాట పెట్టుకుని బర్రెలు పితికేవాడట. ఆ పాటలే ఆమె ఫోన్లో వెతికి మంచం దగ్గర పెట్టింది. అంతకుముందు బస్వరాజ్ ఆ పాటను వెక్కిరించిన వెక్కిరింపు అంతా ఇంతా కాదు. "ఒక్క మాట పట్టుకొని అర్ధగంట తిప్పుతది, తొవ్వ తప్పిన బర్రె లెక్క" అనేవాడు. మంచాన పడ్డాక ఆ తిప్పుడే ఆయనకు మందయింది. పాట నెమ్మదిగా సాగుతుంటే నొప్పి కూడా దాని వెంట నెమ్మదించేది. కన్ను మూతపడేది. పాట ఆగితే మళ్లీ మెలకువ వస్తుందని శివమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని, ఒకటి అయిపోగానే ఇంకొకటి పెడుతూ, మంచం పట్టె మీద కూర్చునే ఉండేది.

ఆయన లేచాడు, నడిచాడు, మళ్లీ పొలం వెళ్లాడు. అంత చేసిన మనిషికి ఒక్క మంచి మాట మాత్రం చెప్పలేదు. మనసులో లేక కాదు, నోటికి రాక. ఈ టికెట్ ఆమె చేతిలో పెడితే ఆ మాట చెప్పినట్టే అవుతుందని ఆయన ఆశ.

మూడున్నరకు శివమ్మ ఫోన్ చేసింది.

"ఆటో టైరు వలిగింది. తొవ్వల కూసున్నం. ఇంకో ఆటో ఒక్కటి గూడ వస్తలేదు."

"ఫికర్ చెయ్యకు. నేను వస్తున్న," అన్నాడు బస్వరాజ్.

ఒకసారి చెప్పుల వైపు చూశాడు. అప్పటికి వాటి వెనక నలుగురైదుగురు చేరారు. చెప్పులున్నాయి కదా, ఇంక భయమేంటి? ఉత్త కాళ్లతో బండి కిక్కు కొట్టి బయలుదేరాడు.

వెళ్లడం బాగానే వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు చెరకు ట్రాక్టర్లు రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయి ఒకటే జాం. శివమ్మను వెనక కూర్చోబెట్టుకుని, సందుల్లోంచి దూరి హాలు చేరేసరికి ఐదు దాటి ఐదు నిమిషాలు. కచేరీ ఐదున్నరకు.

కిటికీ కింద చూసి బస్వరాజ్ నోరు వెళ్లబెట్టాడు. అక్కడ ఒక జత కాదు, నూటయాభై జతల చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. జరిగిందేమిటంటే, హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చినవాళ్లు ఈయన జతను చూశారు. పెద్దావిడ పాట వినబోతున్నాం, చెప్పులు ఇక్కడ విడిచి వెళ్లాలి కాబోలు అనుకున్నారు. ఒకరిని చూసి ఒకరు భక్తిగా విడిచిపెట్టేశారు. ఏ ఊళ్లోనూ ఏ బోర్డూ చేయలేని పని ఒక్క జత చేసింది. కిటికీ దగ్గర అడుగు పెట్టే జాగా లేక, కచేరీ పెట్టిన సంగీత సభవాళ్లు లైనును హాలు వెనకవైపు కిటికీకి మార్చారు.

ఇదంతా గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి చెప్పాడు. చెప్పి, "టికెట్లు ఎప్పుడో అయిపోయినయ్ అన్నా," అని ముగించాడు.

"అయిపోవుడేంది? నా చెప్పులు ఫస్టుండె! గీత గూడ గీసిన!"

"గిది చెప్పులిడిచే జాగనాయె. లైన్ల మనిషి నిలవడాలె గని చెప్పులు నిలవడుడేందే?"

"యూరియాకు గిట్లనే పెడ్తరు! అడుగు, ఎవల్నన్న అడుగు!"

పట్టు లాల్చీలో లోపలికి వెళ్తున్న పెద్దమనిషి ఒకాయన ఫక్కున నవ్వాడు. బస్వరాజ్‌కు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లకు ఒక్కటి అడిగింది. కుర్చీ ఇప్పించలేకపోయాడు, నిలబడే జాగా కూడా ఇప్పించలేకపోయాడు. శివమ్మ ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు.

"పోనీ తియ్యి," అంది ఆమె. కచేరీకని కట్టుకున్న ఇల్కల్ చీర కొంగు సర్దుకుంది. "బయట నిలవడి ఇందాం. మైకు ఇనవడదా?"

ఏసీ హాలు. తలుపులు మూస్తే చీమ చిటుక్కుమన్న శబ్దం కూడా బయటికి రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అదే ఆయనకు ఎక్కువ నొప్పి పుట్టించింది.

ఇంక ఇంటికి పోవడమే అనుకుని బస్వరాజ్ గుట్టలో తన చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టాడు. కొత్త చెప్పులు, పాత చెప్పులు, మడమలవి, జరీవి. తనవి మాత్రం లేవు. మళ్లీ వెతికాడు. "ఆఖరికి చెప్పులు గూడ పాయె!" అని అక్కడే చతికిలబడ్డాడు. శివమ్మ మంచినీళ్ల కోసం హాలు వెనక నల్లా దగ్గరికి వెళ్లింది.

రెండు నిమిషాల్లో ఆమె కేక వినిపించింది. "రుచిత బాపూ! జర గిటు రా! జల్ది రా!"

బస్వరాజ్ కుంటుకుంటూ పరుగెత్తాడు. వెనక కిటికీ ముందు మనుషులెవరూ లేరు. కిటికీ కింద, సరిగ్గా మధ్యలో, ఒకే ఒక జత చెప్పులు గోడ వైపు మూతి పెట్టి నిలబడి ఉన్నాయి. కుడి చెప్పు పట్టెకు శివమ్మ నీలి నైలాన్ దారంతో వేసిన కుట్టు దూరం నుంచే కనబడింది. పక్కన చీపురు కర్రలా పట్టుకుని, మధ్యాహ్నం వరండా ఊడ్చిన ఆడమనిషి కాపలా ఉంది.

"నీయేనా అన్నా గీ చెప్పులు?" అంది ఆమె. "యాడికి పోయినవయ్యా? గంట సంది నీ కోసం కొట్లాడుతున్న!"

ఆమె పేరు నారమ్మ. ఊరు చిరాగ్‌పల్లి. హాల్లో ఊడ్చే పని, ఊళ్లో ఎకరం కంది చేను. పోయిన వానాకాలం ఆమె చెప్పులూ మూడు రోజులు యూరియా లైన్లో నిలబడ్డవే. బస్వరాజ్ గీత గీసినప్పుడే ఆమెకు సంగతి అర్థమైంది. జనం చెప్పుల గుట్ట పోస్తుంటే ఈ జతను ఏరి పక్కన పెట్టింది. లైను వెనక్కి మారగానే తీసుకొచ్చి అందరికన్నా ముందు నిలబెట్టింది. ఆ జత వెనకున్న నలుగురూ "మాకన్నా ముందే ఉండె, నిజమే" అన్నారట.

కిటికీలోంచి కళ్లజోడు పెట్టుకున్న తల ఒకటి బయటికి వచ్చింది. ట్రాక్టర్ ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసే హనుమంతరావు. గోదావరి జిల్లా మనిషి, సంగీత సభకు కార్యదర్శి.

"ఈ చెప్పుల తాలూకు మీరేనా అండీ? బాబూ, ఇరవై రెండేళ్లుగా సభ నడుపుతున్నాను. చెప్పులకి టికెట్టేమిటమ్మా అంటే ఈవిడ వింటేనా!"

"ఎందుకింట సారూ? నిలవడెటోళ్లకే టికెట్లంటివి. అందరికన్న ముందుగాల నిలవడ్డయి గవ్వే," అంది నారమ్మ.

"అదీ వాదన," అన్నాడు హనుమంతరావు, నవ్వు ఆపుకోలేక. "పోనీ ఒకటి ఇస్తానంటే ఒప్పుకోలేదండీ. జతకి రెండంట. రూలంట! మొదటి గంట కొట్టేదాకా ఆగుతాను, రాకపోతే ఇచ్చేస్తానని చెప్పాను. ఇదిగో, తీసుకోండి, గంట కొట్టబోతున్నారు."

రెండు పసుపు టికెట్లు. బస్వరాజ్ వాటిని అందుకున్నాడు. పైసలిచ్చి, నారమ్మ వైపు తిరిగి, రెండు చేతులూ జోడించాడు. ఆయన అలా ఎవరికైనా దండం పెట్టడం శివమ్మ గుళ్లో తప్ప చూడలేదు.

"చెల్లే, నీ మేలు మరువ. ఈ వానాకాలం నువ్వు లైన్ల నిలవడద్దు. నీ చెప్పులు నాకియ్యి, నా జతకన్న ముందల పెడ్త. ఎండైనా వానైనా నేనే కావలుంట."

"గట్లనే తియ్యి. ముందు పాటకు పోన్రి!" అని నారమ్మ చీపురుతోనే అదిలించింది. శివమ్మ మాత్రం కదల్లేదు. నారమ్మ చెయ్యి పట్టుకుని "నువ్వు గూడ రా అక్కా, తలుపు దగ్గర నిలవడు," అని వెంట తీసుకెళ్లింది. హనుమంతరావు చూసి కూడా, ఏదో కాగితం వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాడు.

హాల్లోకి అడుగు పెడుతుండగా శివమ్మ చిన్నగా నవ్వింది.

"ఆమెకు గప్పుడే దండం పెడ్తివి. మంచిదే. నాకెన్నడన్న పెట్టినవా?"

పరాచికానికే అంది. బస్వరాజ్‌కు మాత్రం గుండెలో కలుక్కుమంది.

వెనక గోడ దగ్గర భుజానికి భుజం ఆనించి జనం. ఇద్దరికీ సరిపోయేంత సందు దొరికింది. దూరంగా వేదిక మీద రెండు తంబూరాల మధ్య సుమిత్రాబాయి పిట్టంత మనిషి, తెల్ల చీర, భుజాల మీద శాలువా. ఒకసారి దగ్గింది. నీళ్లు తాగింది. కళ్లు మూసుకుని ఒక్క స్వరం తీసింది.

ఫోన్లో వినే గొంతు కాదది. వయసు పైబడి అంచున కాస్త అరిగింది, మధ్యలో ఊపిరి అందక ఆగింది. అయినా ఆ స్వరం గోడ దాకా వచ్చి బస్వరాజ్ వీపుకు తాకింది. మూడు నెలలు తనను మోసింది ఈ గొంతేనని ఒళ్లంతా గుర్తుపట్టింది. ఆయన శివమ్మ వైపు చూశాడు.

ఆమె రెప్ప వాల్చడం లేదు. పెదాలు కదులుతున్నాయి, చెంపలు తడిశాయి. ఫోన్ కొంగున ముడేసి ఉంది. అయినా ఆమె కుడి చెయ్యి ఛాతీ ముందు, అరచెయ్యి పైకి, వేళ్లు కొంచెం వంచి, ఫోన్ పట్టుకున్నట్టే ఉంది. పాట ఆగిపోకుండా ఎవరి నిద్రనో కాపాడుతున్నట్టు ఉంది. అలా పట్టుకుంటున్నానని ఆమెకే తెలియదు.

బస్వరాజ్ ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

"శివమ్మా," అన్నాడు ఆమె చెవిలో. "గా మూడు నెలలు నన్ను బతికిచ్చింది నువ్వు. ఇంతదనుక చెప్పలే. నోరు రాలే."

ఆమె తల తిప్పలేదు. కళ్లు వేదిక మీదే ఉన్నాయి. వేళ్లు మాత్రం ఆయన చేతిని గట్టిగా బిగించాయి.

"నాకెరికే," అంది. ఆ చేతిని అలాగే ఎత్తి తన భుజం మీద వేసుకుంది. "జర నా దిక్కు ఒరుగు. నీ తుంటి నొస్తది. ఇంక రెండు గంటల పాటున్నది."

బస్వరాజ్ ఒరిగాడు. బరువంతా ఆమె మీద వేసి, కళ్లు మూసుకోకుండా, పాట మొత్తం విన్నాడు.