గడపకు పసుపు, నాకు కూరల సంచి

వరహాలమ్మను పడేసింది మీరే. గడపకు పసుపు రాసి, దాని పక్కనే ఉన్న నన్ను చిలక్కొయ్యను చేసిన మీరందరూ దోషులే.

నేను ఒక స్టీలు కడ్డీని. గొట్టంగా పుట్టి, కోతపడి, రెండు చివర్లా వంగి, అనకాపల్లి కొట్లో దుమ్ము కొట్టుకుపోయినదాన్ని. తల్లి వరహాలమ్మకు మోకాళ్లు అరిగాయని పైడిరాజు ఇల్లంతా మార్పించాడు. జారే నేల తీయించి గరుకు బండలు వేయించాడు, మంచం ఎత్తు పెంచాడు, ఆవిడ పట్టుకోవడానికి నన్ను వీధి గుమ్మం పక్కన బిగించాడు. బెత్తెడెత్తు గడపను మాత్రం ముట్టుకోలేదు.

"గడప తీయించీమంటావేటమ్మా?" అని అడిగాడు పాపం.

"నోర్ముయ్‌రా! లచ్చిందేవి కూకునే చోటది. ఇల్లు మార్సమన్నాను గానీ ఇంటి మొకం పీకీమన్నానేటి?"

ఆ మాటకి నా కడుపు మండిపోయింది. ప్రతి శుక్రవారం కోడలు కనకం గడపను కడిగి, పసుపు రాసి, బొట్లు పెడుతుంది. నాకేమో పైడిరాజు హెల్మెట్, కూరల సంచి, తడి గొడుగు! రోజూ సాయంత్రం ముసలమ్మను అరుగు మీదికి దాటించేది నేను, పూజలందుకునేది ఆ కదలని చెక్క. నేనూ కదలననుకోండి, కానీ పనికొస్తాను.

ఒక సాయంత్రం అరుగు మీంచి పక్కింటి సూరమ్మ కేకేసింది. "ఒలే వరాలూ, బేగి రాయే! అత్తోరింటికి ఎల్తన్నావేటి, అంత ముస్తాబు?"

వరహాలమ్మ నవ్వుతూ నాకోసం చెయ్యి చాచింది. చేతికి సంచి దొరికింది. అది జారింది. కాలు గడపకు తన్నుకుని మనిషి బోర్లా పడింది.

పడి ఏం చేసిందనుకున్నారు? మూలుగుతూనే గడపను తాకి, వేళ్లు కళ్లకద్దుకుంది. "తప్పయిపోనాది తల్లీ, కాలు తగిలీసింది!" పడేసిందెవరు, దండం ఎవరికి!

ఇప్పుడు విరిగిన కాలి కట్టు విప్పారు. పట్టుకుని నడవడానికి నాలుగు కాళ్ల స్టాండు ఇచ్చారు. దాన్ని ఎత్తి గడప దాటించే సత్తువ ఆవిడకు లేదు. "లోపలే కుర్చీ ఏస్తాను, కూకోండత్తా" అంటుంది కనకం.

"అరుగు మీద కూకోకపోతే నాను బతికున్నానని ఈదికెలా తెలుస్తాదే?" అంది వరహాలమ్మ.

నాది కుళ్లే. అయితే ఏం? కుళ్లుతో చెప్పినంత మాత్రాన మాట అబద్ధమైపోదు. పైడిరాజూ, ఇవాళే వడ్రంగిని పిలు. గడపను నేలకు సమంగా కోయించు. చదును గుమ్మంలోంచి నడిచి రాలేనంత చేతకానిదా లక్ష్మి? పసుపు ఆ నేలకే రాసుకోండి. హెల్మెట్‌కు వేరే మేకు కొట్టుకో. అన్నిటికన్నా ముందు, నా మీద సంచి తియ్యి.