చదివి వినిపించని దస్తావేజు

భాద్రపదమాసమున నొకానొక సాయంకాలమున పశ్చిమదిగంతమున క్రుంకుచున్న భాస్కరుని యరుణకాంతి జలభారమంథరములగు మేఘమాలికల నడుమ చిక్కి చినుకైనను రాలక వెలుగైనను నిలువక బందరుపట్టణపు పెంకుటిండ్ల కప్పులపై బూడిదవన్నె గ్రుమ్మరించుచుండగా, సముద్రమునుండి వీచు లవణానిలము తలుపుల యినుపగడియలను తుప్పుగా మార్చి సావధానముగా భుజించుచుండగా, ఉదయమున నారవేసిన వస్త్రములు సాయంకాలమునకు మరింత తడిసి దండెములపై వ్రేలాడుచుండగా, గొడుగుపేటలోని యొక పడమటిముఖపు టింటి నడవలో ముక్తేశ్వరరావను మధ్యవయస్కుడు తన నూతనగృహమునందలి నూతనమగు గోడకు చెవి యానించి నిలిచియుండెను. గోడకు ఆవలివైపున వంటయిల్లు గలదు. ఈవలివైపున నాతడొక్కడే గలడు. అయినను తన చెవి ప్రక్కనే మరియొకరి యూపిరి యాతనికి స్పష్టముగా వినవచ్చుచుండెను.

ఆ గోడ పుట్టుక నెరుగవలెనన్న నా గృహక్రయమును, ఆ గృహక్రయము నెరుగవలెనన్న నీ దంపతుల పూర్వచరిత్రమును గొంత యెరుగవలసియున్నది. ముక్తేశ్వరరావు విద్యుచ్ఛక్తి కార్యాలయమునందు సూపరింటెండెంటు. ఇరువదిరెండు సంవత్సరములలో పదునొకండు అద్దెయిండ్లయందు గాపురముండెను. ఆ పదునొకండిండ్ల యజమానులును ప్రతిమాసమును వేళాపాళా లేక లోనికి వచ్చి గోడకు గొట్టిన మేకులను లెక్కించి, మోటారు త్రిప్పిన గంటల నాక్షేపించి, కూరపోపు ఘాటునకు దగ్గి వెడలుచుండెడివారు. యజమానుని చెప్పులచప్పుడు వినబడినంతనే నోటిలోని ముద్ద నోటనుండగనే లేచి నిలిచి చేతులు జోడించుట ముక్తేశ్వరరావునకు అలవాటై, అలవాటు స్వభావమై, స్వభావ మెముకలలోని కింకియుండెను. అతని ధర్మపత్ని హైమవతి పదునొకండవ యింట పాలు పొంగించిన దినముననే యొక ప్రతిన బూనెను.

"ఏమండీ, ఇదే ఆఖరు. ఈసారి నేను పాలు పొంగిస్తే మన సొంత పొయ్యి మీదే పొంగిస్తాను. లేకపోతే ఇక్కణ్ణించి కదల్ను, కాఫీ కూడా పెట్టను."

రెండవ శపథమే ముక్తేశ్వరరావు నెక్కువగా గదిలించెను.

ఇల్లు దొరకినది. ఇక వకీలు దొరకవలసియుండెను. కిలో వంకాయలు కొనవలసివచ్చినప్పుడు ప్రతివంకాయను నొక్కి, వెలుతురునకు బట్టి, తొడిమ త్రిప్పి చూచి, అమ్మువానికి విరక్తి పుట్టించునంతటి పరీక్షాదక్షుడగు నీ మహాశయుడు ఆజన్మాంతము వసింపవలసిన గృహమునకు వకీలు నెన్నుకొనుట కర్ధదినము వెచ్చించెను. ఆ యర్ధదినముననే భోజనమును గలదు.

తొలుత భార్యమాట మన్నించి యా పేటలోనే కాపురముండు నరహరిశాస్త్రి యను వృద్ధ న్యాయవాదికడ కరిగెను. వంగిన భుజములతో, ఎనుబది దాటిన వయస్సుతో, భూతద్దము చేతబట్టి, శాస్త్రి కాగితముల కట్టను విప్పి కొత్త పత్రములను ప్రక్కకు నెట్టి యన్నిటి యడుగుననున్న మసిబారిన పత్రమును మాత్రము వెలికితీసి మిగుల సేపు పరికించెను.

"ఇది గొలుసుకట్టు నాయనా. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి రాసేవాళ్ళు పూర్వం. సగం చెమ్మ తినేసింది. తాపీగా చదవాలి. మూడు వారాలు పడుతుంది."

"మూడు వారాలా! తొమ్మిది రోజుల్లో మూఢం వచ్చేస్తోందండీ శాస్త్రిగారూ!"

"రానీవయ్యా. మూఢం వచ్చిన దారినే పోతుంది. దస్తావేజు పోదు."

తప్పు వెదకు వకీలునకన్న తప్పు లేదను వకీలు సమర్థుడని లోకమున మధ్యతరగతి గృహస్థుల కొక దృఢవిశ్వాసము గలదు. కావున ముక్తేశ్వరరావు కాగితముల కట్టను జంకనిడుకొని కిరీటి యను యువన్యాయవాది యొక్క శీతలీకృతమగు కార్యాలయమున కరిగెను. కిరీటి బాదంపాలు తెప్పించెను. పాత్ర ఖాళీయగులోపల నభిప్రాయపత్రము సిద్ధమయ్యెను.

"ముప్పై ఏళ్ళ ఈసీ తీశాను సార్. ఒక్క తాకట్టు లేదు, ఒక్క తగాదా లేదు. అద్దంలా ఉంది."

"మరి ఆ అడుగున కాగితం..."

"ఆ కోడిగీతలా? రాసినవాడు లేడు, రాయించుకున్నవాడు లేడు, చదివేవాడు అసలే లేడు. ఇంక మీకు అడ్డొచ్చేదెవరు సార్?"

మూఢము ప్రవేశించుటకు బూర్వదినమున రిజిస్ట్రేషను జరిగెను. ఆ మరునాటి యుషఃకాలమున మూఢమునకు నాలుగు గడియల ముందుగా హైమవతి స్వగృహమున స్వహస్తముతో పాలు పొంగించి, ఆ నురుగును జూచుచు కొంతసేపు కన్నీరు విడిచెను. అది సంతోషబాష్పమని యందరు నెరుగుదురు.

ఆ గృహము పూర్వులు నిర్మించినది. వీథిగుమ్మమును నడవయు పెరటిగుమ్మమును ఒకే తిన్నని గీతపై నుండ, ఆ గీత చివర రాతిగిలక గల పాతనూయి యుండెను. తొలిదినములలోనే దీపములు పెట్టువేళ గడియవేసిన వీథితలుపు తనంతట తెరచుకొనుటయు, పిమ్మట పెరటితలుపు తెరచుకొనుటయు, నెవరును లేని నూతికడ గిలక కిర్రుమని తిరుగుటయు దంపతులు గమనించిరి. దానిని వారు వాయుప్రసారము యొక్క వైశిష్ట్యముగా నిర్ణయించి, చూడవచ్చిన చుట్టముల కెల్ల గర్వముతో జెప్పుకొనిరి. నూతినుండి వీథిగుమ్మమువైపునకు నడవలో కనబడు తడియడుగులను హైమవతి పనిమనిషి యశ్రద్ధగా భావించి యామెను మందలించెను. పనిమనిషి మరునాటినుండి వచ్చుట మానెను.

అనంతరము మాడ్యులర్ కిచెనను వ్యామోహము ప్రవేశించెను. తన చెల్లెలి యింటనున్నట్టి జారుడుసొరుగులు తనకు లేకుండుట హైమవతి సహింపజాలదయ్యెను. సొరుగులకు గోడ కావలసివచ్చెను. నడవ నడుమ గోడ లేచెను. పెరటికి ప్రక్కనుండి చిన్నదారి యొకటి మిగిలెను. అది మనుష్యులకు జాలియుండెను.

గోడ యారిన నాటి సాయంకాలము వీథితలుపు యథాప్రకారముగా తెరచుకొనెను. నడవయందు మెల్లని యడుగులచప్పుడు వినవచ్చెను. అది గోడవరకును వచ్చి యాగెను. పెరటితలుపు తెరచుకొనలేదు. గిలక తిరుగలేదు. మరునాడుదయమున గోడపై అరచేతు లానించు నెత్తున రెండును, వాని నడుమ నుదుటి యెత్తున నొకటియు చెమ్మమచ్చలు పొడచూపెను. ముక్తేశ్వరరావు నీరుదిగని పూతలు ముమ్మారు పూయించెను. మూడవపూత పూసిన మేస్త్రి మచ్చలపై తన చేతులనుంచి కొలత చూచుకొని "ఆడమనిషి చేతులు బాబూ" యని మాత్ర మని కూలి యడుగకయే వెడలిపోయెను. ఆనాటినుండి దీపములవేళ దాటినంతనే వంటయింటి బిందెలలోని నీరును, కూజాలోని నీరును, నీటిశుద్ధియంత్రములోని నీరును చుక్కలేక యింకిపోవుచుండెను. హైమవతి నీళ్ళు నింపుచుండెను. అవి యింకుచుండెను. ఆమె పెదవులు సైత మెండిపోవుచుండెను.

ఇట్టి స్థితియందు ముక్తేశ్వరరావు గోడకు చెవి యానించుటయు, ఊపిరి వినుటయు జరిగినది. ఆ యూపిరి కోపముగలదిగా నుండలేదు. వరుసలో నిలిచి తనవంతుకై వేచియున్న వారి యూపిరివలె నుండెను.

మరునాటి యుదయమున నతడు కిరీటికడకు బరువెత్తెను.

"నేను ఇచ్చింది అభిప్రాయం మాత్రమే సార్. కింద చిన్న అక్షరాల్లో రాశాం చూడండి. సరే, ఆవిడెవరో మీ ఇంట్లోకి అక్రమంగా వస్తోందంటారు. అడ్రసు చెప్పండి, ఇవాళే నోటీసు పంపిద్దాం."

"అడ్రసు మా ఇల్లేనండీ" యని ముక్తేశ్వరరావు పలికెను.

ఈమారు బాదంపాలు రాలేదు.

నాటి మధ్యాహ్నమే దంపతు లిరువురును నరహరిశాస్త్రి యరుగుపై గూర్చుండిరి. శాస్త్రి దెప్పిపొడువలేదు. అది వారికి దెప్పిపొడుపుకన్న దుస్సహమయ్యెను. అతడు మసిబారిన పత్రమును ఒడిలో బరచి భూతద్దమును నెమ్మదిగా జరుపుచు మూడవపుటకడ ఆగి యిట్లు చదివెను.

"మాణిక్యాంబ అను నేను ఈ గృహమును మీకు శుద్ధక్రయము చేసితిని గాని, దీపాలవేళ నీటికై వీథిగుమ్మము మొదలు పెరటినూతివరకు నడచు హక్కును నాకు ఉంచుకొంటిని. ఈ యింటికి ఎవరు యజమానులైనను ఆ నడకకు తలుపుగాని గోడగాని అడ్డము పెట్టరాదు."

శాస్త్రి భూతద్దమును దింపెను.

"ఇక్కడ 'నేను బ్రతికియున్నంతవరకు' అన్న మాట ఉండాలమ్మా. లేదు. మరిచిపోయారు."

"ఎవరండీ మరిచిపోయింది?" అని హైమవతి యడిగెను.

"మా నాన్న. ఇది ఆయన రాతే. మర్నాటి నుంచి మూఢం. రిజిస్ట్రారు లేచిపోతున్నాడు. కొనేవాళ్ళు జట్కాలో కూర్చుని కేకలేస్తున్నారు. ఆవిడకి చదువు రాదు. ఒక్కసారి చదివి వినిపించు బాబూ అని అడిగిందట. అంతా సరిగ్గానే ఉందిలే అమ్మా అని ఈయన వేలిముద్ర వేయించాడు. కింద మాత్రం 'చదివి వినిపించగా విని సమ్మతించి' అని ముత్యాల్లా రాశాడు. పోయేముందు నాతో చెప్పాడు. ఏ ఇల్లో చెప్పకుండానే మాట పడిపోయింది. ఆ రోజు ఈ రాత చూసి పోల్చుకున్నాను. అందుకే మూడు వారాలన్నాను."

"మనిషితోపాటు హక్కు పోదా అండీ?" అని ముక్తేశ్వరరావు దీనుడై యడిగెను.

"కోర్టుకు వెళితే పోతుంది. డిక్రీ కూడా వస్తుంది. ఆ డిక్రీ ఆవిడకి ఎవరు చదివి వినిపిస్తారు నాయనా?"

"అయితే అమ్మేస్తాను."

"అమ్ముకో. కొనేవాళ్ళు నా దగ్గరికొస్తే మాత్రం ఈ పుట చదివి వినిపిస్తాను."

అంతట హైమవతి పమిట చెంగు బిగించి లేచెను. "అమ్మేది లేదండీ. నేను పాలు పొంగించాను. పన్నెండో అద్దెకొంపకి నేను రాను. ఆ పదకొండుమందీ ఎప్పుడు పడితే అప్పుడొచ్చి మేకులు లెక్కపెట్టేవాళ్ళు. ఈవిడ వేళకొస్తుంది, నీళ్ళు పట్టుకుపోతుంది. నన్నడిగితే ఈవిడే నయం. రేపే ఆ గోడ కొట్టించెయ్యండి."

"మరి సొరుగులో?"

"సొరుగులు మా చెల్లెలికి ఇచ్చెయ్యండి. దానికింకా ఆశ తీరలేదు."

మరునాడు గోడ కూలెను. సూర్యాస్తమయమునకు ముందు శాస్త్రి మడతలు విప్పని యుత్తరీయము ధరించి దస్తావేజు చేతబూని విచ్చేసి, నడవలో పీట వేసికొని, దాని ప్రక్కన నా నడకహక్కును వదలుకొను విడుదలపత్రమును, వేలిముద్రకు సిరామెత్తను నుంచెను. దీపములు వెలిగెను. వీథితలుపు తెరచుకొనెను. గాలి లేదు. దీపశిఖ మాత్రము దారి యిచ్చుచున్నట్లొకవైపునకు వంగెను. అడుగుల చప్పుడు నడవ నడుమకు వచ్చినంతనే శాస్త్రి కంఠము సవరించుకొని, ఎనుబదియెనిమిదేండ్ల యాలస్యముతో మొదటియక్షరమునుండి కడపటి చేవ్రాలువరకు నా దస్తావేజును బిగ్గరగా చదివెను. తండ్రి మరచిన మాటకడ నొక్కనిమేషము నిలిచి "ఇచ్చట తప్పు జరిగినది. మన్నింపవలెను" అని పలికెను. అడుగులు కదలలేదు. పిమ్మట నడుగులు పీటను చుట్టి, సిరామెత్తను దాటి, తిన్నగా నూతివైపునకు సాగిపోయెను. గిలక కిర్రుమని తిరిగెను.

శాస్త్రి విడుదలపత్రమును మడిచి జేబునం దుంచుకొనెను.

"విన్నది" యని మెల్లగా ననెను. "సమ్మతించలేదు."

నాటినుండి యా యింట బిందె లెండలేదు. ప్రతిసాయంకాలమును హైమవతి రెండుతలుపులును దానే తెరచి, నూతిచప్టాపై తోమిన చెంబొకటి బోర్లించి వచ్చుచుండును. ముక్తేశ్వరరావు నడవలో పడకకుర్చీయందు వార్తాపత్రిక పట్టుకొని కూర్చుండును. వీథిగుమ్మముపై చలువరాతియం దాతని పేరు బంగారువన్నె యక్షరములతో జెక్కబడి యజమాని యని స్పష్టముగానే యున్నది. అయినను నూతినుండి మరలివచ్చు తడియడుగులు నేలపై నొక్కొక్కటిగా తేలుచు కుర్చీ దగ్గరకు వచ్చి యొకింత నిలిచినప్పుడు, ఆతడు పత్రిక ప్రక్కన బెట్టి, నోటిలోని పకోడి నోటనుండగనే లేచి, చేతులు జోడించి నిలుచును. అడుగులు గోడలవైపునకు దిరిగి, మేకుల నెన్నుచున్నట్లు కొంచెము జాగుచేసి, పిమ్మట గడపదాటి వెడలిపోవును. అవి యారువరకును ఆతడు కూర్చుండడు.