తాపు సోకిన చేతులు

తూఫూయి ఆల్చిప్పతో పెండలం చెక్కు గీస్తున్నాడు. కండ లేని ముంజేతులు, కొబ్బరినూనె ఇంకి పసుపు పట్టిన గోళ్లు. ఆ చేతులతోనే అతను దీవిని ఏలే దొరల శవాలను కడిగి నూనె రాస్తాడు. తండ్రీ, తాతా చేసిన పనే. శవాన్ని తాకిన చేతులకు తాపు అనే మైల సోకుతుంది. పది నెలలు వాటితో తిండి ముట్టుకోకూడదు. ముట్టుకుని తింటే కడుపు ఉబ్బి చస్తారు. ఎవరైనా నోట పెట్టాలి. లేకపోతే పందిలా నేల మీద నుంచి కొరుక్కోవాలి.

పొరుగింటి లాతు కంచె మీదుగా తొంగిచూసి, ముసలి దొర నీళ్లు కూడా మింగడం లేదని చెప్పాడు. తూఫూయి చెయ్యి ఆగింది.

"ఈసారి నీకెవరు పెడతారు మావా? రేవులో ఆగిన ఆ ఓడలో తెల్లవాళ్లని అడుగు. మన తాపు అనే మాట నేర్చేసుకున్నారు. గిన్నె మీద ఎవడైనా చెయ్యేస్తే టబూ, టబూ అని నవ్వుకుంటున్నారు. రాసుకున్నారు కూడా."

తూఫూయి లేచాడు. పెండలం అక్కడే పడేసి, నోట పెట్టే మనిషిని వెతుక్కుంటూ ఊళ్లోకి నడిచాడు. మేనల్లుడి భార్య చంటిపిల్లను చూపించింది. పాత స్నేహితుడు వేరే దీవికి వేటకు పోతున్నానన్నాడు. ఇక మిగిలింది కౌనాంగా ఒక్కతే, చనిపోయిన భార్యకు చెల్లెలు. ఆమెతో అతను మాట్లాడి ఏళ్లయింది.

క్రితంసారి అతనికి తాపు ఉండగానే, పూటపూటా అతని నోట పెట్టే భార్య మంచాన పడింది. పక్కనే కూర్చుని కూడా ఆమెకు ఒక ముద్ద పెట్టలేకపోయాడు. కౌనాంగాకు కబురు పంపాడు. ఆమె రాలేదు. భార్య ఎండిన పెదాలతో గుమ్మం వైపు చూస్తూ పోయింది.

కౌనాంగా చాప అల్లుతోంది. అతను అడగవలసింది నేల చూస్తూ అడిగాడు.

"ఆ రోజు నాకు జ్వరం అన్నాను బావా. నువ్వు నీ చేతులకు తాపు అన్నావు. అక్కకు మాత్రం ఎవరం పెట్టాం?"

"నన్నూ నిన్నూ ఒకే గాటన కట్టకు."

"అయితే నా దగ్గరికే ఎందుకొచ్చావు?"

అతను వెనుదిరిగాడు. దారిలోనే, దొర పోయాడని ఊదే శంఖం వినిపించింది. అది ఆగేదాకా నిలబడి, తర్వాత దొర ఇంటికి నడిచాడు. శవం తేలికగా ఉంది. వేలికీ వేలికీ మధ్య కడిగాడు, చెవుల వెనక నూనె రాశాడు. ఇంకెవరికీ అప్పగించలేదు.

పొద్దు వాలేసరికి ఇల్లు చేరాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. చేతులు ఒంటికి తగలకుండా చాచి గుమ్మంలో కూర్చున్నాడు.

కౌనాంగా వచ్చింది. ఆకు పరిచి, ఉడికిన చేమదుంప చిదిపి, ముద్ద చేసి అతని నోటి దగ్గర పెట్టింది.

"తెరువు బావా."

భార్య ఎండిన పెదాలు గుర్తొచ్చి అతను పళ్లు బిగించాడు. ఆమె ముద్దను అతని పెదాలకు ఆనించింది. తర్వాత ముద్దను ఆకు మీద పెట్టి, చెయ్యి దులుపుకుని వెళ్లిపోయింది.

ఆకు మీద ముద్ద చల్లారుతోంది. దాని మీద ఆమె వేళ్ల నొక్కులు.