గట్టు మీద జొన్న

ఆ మూడెకరాల నల్లరేగడి అంకమ్మరావుది. ఏళ్ల తరబడి కౌలుకు చేసింది జక్రయ్య. నిరుడు మొత్తం పత్తే. తెల్లదోమ రాకుండా చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వెయ్యమన్నది శ్యామ్ సుందర్. ఊరికి వ్యవసాయ సహాయకుడు, పైగా ఒకే చర్చి. జక్రయ్య కాదనలేదు. పత్తి నడుము దాకా వచ్చేసరికి జొన్న మనిషిని దాటింది.

ఏ చేలో ఏ పంటో ప్రభుత్వ లెక్కలో నమోదు చేసే రోజున జక్రయ్య ఒంగోలు ఆసుపత్రిలో భార్య లిడియా మంచం పక్కన ఉన్నాడు.

"పిన్నిని చూసుకో బాబాయ్, ఇక్కడ నేను లేనా?" అన్నాడు శ్యామ్ సుందర్ ఫోన్లో.

ముందురోజు వాన. రేగడిలో దిగితే బూటు ఊడి రాదు. శ్యామ్ సుందర్ గట్టు మీదే నిలబడి ఫొటో తీశాడు. అందులో జొన్న తప్ప ఇంకేమీ పడలేదు. ఫొటో ఒకటి, పంట ఒకటి అయితే పైవాళ్లు అడుగుతారు. మళ్లీ రావడానికి బద్ధకించి, పంట కూడా జొన్న అనే ఎక్కించాడు.

లిడియా ఆ వారమే పోయింది. సమాధి మీద మట్టి ఆరకముందే తుపాను వచ్చింది. పత్తికాయ చెట్టు మీదే కుళ్ళింది. జొన్న వంగి, మళ్లీ లేచింది.

నష్టపోయిన పత్తి రైతులకు ప్రభుత్వం పెట్టుబడి రాయితీ వేసింది. డబ్బు పడిందని ఊళ్లో అందరి ఫోన్లూ మోగాయి, జక్రయ్యది తప్ప. మండలాఫీసుకు వెళ్లాడు.

"మీది జొన్న కదండీ, ఫొటోలోనూ అదే. జొన్నకి నష్టం లేదు," అన్నాడు అధికారి.

జక్రయ్య సంచీ విప్పి కుళ్ళిన కాయలు చూపించాడు.

"ఎవరి చేలోవో ఏం తెలుసు? తప్పు తనదని మీ సహాయకుడు రాసి సంతకం పెడితే పైకి పంపుతా."

ఇంటికెళ్లి అడిగితే శ్యామ్ సుందర్ తల అడ్డంగా ఊపాడు. "రాస్తే సస్పెండ్ చేస్తారు బాబాయ్. పిల్ల ఇంకా చంకలోనే ఉంది."

"నా చేను పోతే?"

శ్యామ్ సుందర్ ఫోన్ చూసుకున్నాడు.

అంకమ్మరావు ఉగాది దాకా ఆగాడు. "రాయితీ పడగానే కౌలు ఇస్తానన్నావు. ఇంకెప్పుడు పడుద్ది? బాజీ కౌలు ముందే కట్టాడు. చేను వాడికిచ్చేశా."

తర్వాతి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అందరికీ రొట్టె పంచే రోజు. కోపమున్నవాళ్లు ముందు చేతులు కలిపి సమాధానపడి రమ్మన్నాడు పాస్టరు. శ్యామ్ సుందర్ అందరి ముందూ లేచొచ్చి చెయ్యి చాపాడు.

"వందనాలు బాబాయ్."

"చెయ్యి కాదురా. సంతకం."

"మందిరంలో ఆ మాటలెందుకు బాబాయ్?"

"నీ ఇంటికొచ్చి అడిగితే వినపడలేదుగా."

"క్షమించాలి జక్రయ్యా," అన్నాడు పాస్టరు.

"క్షమిస్తే చేను తిరిగొచ్చుద్దా అయ్యగారూ?"

రొట్టె పళ్లెం దగ్గరికి వచ్చింది. ముట్టకుండా లేచి, చెప్పులేసుకుని బయటికొచ్చాడు.

దారిలో ఆ చేనే. బాజీ దుక్కి దున్నిస్తున్నాడు. జక్రయ్యను చూసి గట్టు దాకా వచ్చాడు.

"మావా, చుట్టూ జొన్న వెయ్యమంటున్నాడు శ్యామ్ సుందర్. పనిచేసుద్దా?"

జక్రయ్య దున్నిన రేగడి వైపు చూశాడు. నోటి దాకా వచ్చిన ఫొటో మాట మింగేశాడు.

"దోమ రాదు," అని నడిచిపోయాడు.