శ్యామలమ్మ పక్కన జాగా

మైసమ్మ చనిపోయిందన్న కబురు బాలస్వామిని ఉలిక్కిపడేలా చేయలేదు. నెల రోజులుగా ఊరంతా ఎదురుచూస్తున్న కబురే అది. ఆ వెంటనే వీరేశం అన్న మాటకు మాత్రం అతని చేతిలోని చాయ్ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

"తోటల ఏడ తవ్వినా నీళ్లే ఊరుతున్నయన్నా. మోకాటి లోతు గూడ పోనిస్తలేవు. దింపితే తేలుతది."

తోట అంటే సమాధుల తోట. హుజూర్‌నగర్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో క్రైస్తవుల ఇంట చావైతే అదే దిక్కు. తోటలో మూడొంతులు పల్లం. వారం రోజుల ముసురుకు పక్కనున్న పొలాల నీళ్లు, పిల్లకాలువ నీళ్లు కలిసి వచ్చి పడ్డాయి. సమాధులు మునిగిపోయి పైన శిలువలు మాత్రం కనబడుతున్నాయి. మిగిలిన వంతు మెరకే కానీ, అక్కడ జానెడు మన్ను కింద నాపరాయి పరుచుకుని ఉంది. మిషను పెట్టి తొలిపిస్తే తప్ప గడ్డపారకు లొంగదు.

ఆ మెరక మీద తొలిపించి సిద్ధంగా ఉంచిన సమాధి ఒక్కటే ఉంది. అది బాలస్వామిది.

వీరేశం చర్చి సంఘం పెద్ద. నోట్లో నాలుక లేని మనిషి. వచ్చిన పని చెప్పకుండా గడప దగ్గర నిలబడి గొడుగు దులుపుతున్నాడు.

"పాస్టరు గారు అడగమన్నడా?" అన్నాడు బాలస్వామి.

"ఎవ్వలం అడుగుతలేమన్నా. చెప్పిపోదామని వచ్చిన."

అడగకపోవడమే బాలస్వామి గుండెల మీద బండలా కూర్చుంది.

సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోసి బతుకు మొదలుపెట్టిన మనిషి అతను. ఒక పాత లారీ కొన్నాడు. అది ఇంకో లారీని తెచ్చింది. ఇవాళ అతని లారీలు తిరగని రోడ్డు ఆ చుట్టుపక్కల లేదు. కొడుకు విజేందర్ జడ్చర్లలో ఆఫీసు పెట్టి లెక్కలన్నీ చూసుకుంటున్నాడు. దేవుడు అన్నీ ఇచ్చాడు, శ్యామలమ్మను తీసుకుపోయాడు.

శ్యామలమ్మ ఉత్త పిరికిది. బస్సెక్కితే మొగుడి అంగీ కొస పట్టుకుని కానీ కూర్చునేది కాదు. దవాఖానాలో ఆఖరి రోజుల్లో ఆమెకు చావంటే భయం లేదు. భయమంతా ఆ తర్వాతే. "నన్ను ఒక్కదాన్నే పండబెట్టకయ్యా. ప్రభువు వచ్చేనాడు బూర ఊదితే సచ్చినోళ్లమంత లేస్తం గదా, లేచేటాల్లకు నా పక్కన నువ్వుండాలె. తెల్వనోళ్ల నడుమ నాకు బుగులైతది" అంది. బాలస్వామి మాట ఇచ్చాడు. ఆమెను టేకు పెట్టెలో పెట్టి మెరక మీద పూడ్చాడు. ఆ పక్కనే తన కోసం రాయి తొలిపించి, లోపల ఇటుక కట్టించి, పైన తన పేరు చెక్కిన బండ పరిపించాడు. చుట్టూ ఇనుప కమ్మీల దడి, గేటు, గేటుకు తాళం.

ఆ తర్వాత అతని గుండే మొరాయించింది. ఆపరేషన్‌కు ఒళ్లు ఓర్వదని హైదరాబాద్ డాక్టర్లు తేల్చేశారు. బాలస్వామి పెద్దగా కుంగిపోలేదు. ఛాతీ పట్టేసిన రోజున మెల్లగా తోటకు పోయేవాడు. గేటు తీసి, తన జాగా పక్కన కాసేపు నిలబడేవాడు. తిరిగి వచ్చేసరికి మనసు తేలికపడేది.

ఆ జాగా మీదికే ఇవాళ ఊరి కళ్లన్నీ తిరిగాయి.

విజేందర్‌కు ఫోన్ చేశాడు. కొడుకు క్షణం కూడా తడుముకోలేదు.

"గేటు తాళం ఎవ్వలకియ్యకు బాపూ. నేను ఐస్ పెట్టె పంపుత, దాంతోటి జనరేటర్ గూడ పంపుత. నీళ్లు గుంజినంక నిమ్మలంగ పూడ్సుకుంటరు. దీనికి ఫికర్ ఎందుకు?"

నిజమే, ఫికర్ ఎందుకు? పైసతో తెగే ముడికి ప్రాణం పెట్టాల్సిన పనేముంది? బాలస్వామి గట్టిగా ఊపిరి పీల్చుకుని వీరేశానికి కబురు పెట్టాడు, ఐస్ పెట్టె వస్తోందని.

మధ్యాహ్నానికి ఫోన్ మోగింది. డ్రైవరు. వాగు రోడ్డెక్కిందట. బండి అవతలి ఒడ్డునే ఆగిపోయింది. పోలీసులు తాడు కట్టి ఎవరినీ దాటనివ్వడం లేదు. రాయి తొలిచే మిషను కోసం పోయినవాడూ అక్కడే ఆగిపోయాడు. ఊళ్లో కరెంటు పోయి అప్పటికే చాలాసేపైంది. మైసమ్మ ప్రాణం పోయింది నిన్న పొద్దుగూకే వేళ. జబ్బు చేసి ఉబ్బిన ఒళ్లు. ఇంకో రాత్రి ఆపడం ఎవరి వల్లా కాదు.

బాలస్వామి చెప్పులు వేసుకున్నాడు.

మైసమ్మ ఇల్లు కాలనీ చివర. వాకిట్లో వానకు పట్టా కట్టారు. దాని కింద సంఘం పెట్టె ఉంది. ఆ ఊళ్లో బీదవాళ్లందరూ తోటకు పోయేది ఆ పెట్టెలోనే. శవాన్ని బట్టతో గుంతలోకి దింపి, పెట్టెను కడిగి మళ్లీ చర్చి వెనక గదిలో పెడతారు, తర్వాతి వాళ్ల కోసం. మైసమ్మ అందులో తెల్లచీరలో పడుకుని ఉంది. తలాపున కొవ్వొత్తి, పక్కన కూతురు నిరోష. జడ్చర్లలో మందుల కంపెనీలో పని చేస్తుంది. తల్లికి మరీ విషమించిందంటే వారం కింద వచ్చింది.

పెద్దవాళ్లు గుసగుసలాడుతున్నారు. కాల్చేద్దామా అని ఒకరన్నారు. బూడిదలోంచి లేపడం దేవునికి కష్టమా అని ఇంకొకరు వంత పలికారు.

"దేవునికి కష్టమని గాదు" అంది నిరోష తలెత్తకుండా. "మా అమ్మ మన్నులకే పోత అన్నది. లేచి సక్కగ నడిసిపోత అన్నది. నేను ఇంకో తీరు చెయ్య."

"పచ్చి కట్టెలు అంటుకుంటయా, ఏమన్న మాటనా అది" అని ఓ మూల నుంచి భద్రమ్మ కసిరింది. ఆ వాడకట్టులో అందరికన్నా పెద్దది. బాలస్వామికి వదిన వరస. అతన్ని చూడగానే ఆమె గొంతు మారింది.

"రా మరిదీ, రా. కుర్సీ ఏయుర్రి. లారీల బాలస్వామి వచ్చిండు."

"మైసమ్మ పోయిందంటే రానా వదినే?"

"వస్తవు. ఐస్ పెట్టె వాగు కాడ ఆగింది గనక వచ్చినవు. అది వస్తే నువ్వు రాకపోదువు."

ఎవరో నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బాలస్వామి కుర్చీలో కూర్చోలేదు.

"నాతోని అయింది నేను జేస్తున్న. ఇంకేం జెయ్యాలె?"

"నిన్నెవలు అడిగిండ్రు? అది నీ పెండ్లాం పక్క. పక్క ఇయ్యమని ఎవలడుగుతరు, ఏం ముఖం పెట్టుకొని అడుగుతరు?"

"మాట ఇచ్చిన వదినే. ఆమెకు బుగులు. నీకు తెల్వంది గాదు."

"తెల్వకేం." భద్రమ్మ కర్ర నేలకు ఆనించి అతని వైపు తిరిగింది. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. "దవాఖానల ఆమె పండినన్ని రోజులు పొద్దున వస్తివి, పండ్లు తెస్తివి, డాక్టర్లతోని మాట్లాడితివి. పొద్దుగూకితే లారీల వెంట పోతివి. తప్పంటలే. బతుకుదెరువు. మరి రాత్రిపూట ఆమె కాడ ఎవలున్నరు?"

బాలస్వామి కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"దీపం ఆర్పితే శ్యామలమ్మకు నిద్ర రాకపాయె. నువ్వు పోయినంక మైసమ్మ వచ్చి, మంచం పక్కన కింద చాప ఏసుకొని, చెయ్యి పైకి లేపి, ఆమె చెయ్యి పట్టుకొని పండేది. తెల్లారేటాల్లకు ఆ చెయ్యి మొద్దుబారి కిందికి దిగకపోయేది. ఇంటికొచ్చి నన్ను రుద్దమనేది. గీ చేతులతోనే రుద్దిన."

వాన పట్టా మీద టపటపా కొడుతోంది. బాలస్వామి నిరోష వైపు చూశాడు. "నిజమేనా బిడ్డా?"

"నాకు తెల్వదు పెదనాయినా. నేను జడ్చర్లల ఉన్న. అమ్మ ఎన్నడు చెప్పలే."

అతను పెట్టె దగ్గరికి పోయి వంగాడు. మైసమ్మ చేతులు ఛాతీ మీద కలిపి కట్టారు. అరిచేతులు కాయలు కాసి, వేళ్లు వంకర్లు తిరిగి ఉన్నాయి. రెంటిలో ఆ చెయ్యి ఏదో అతనికి తెలియదు.

ఇన్నాళ్లూ బుగులు శ్యామలమ్మదే అనుకుంటూ వచ్చాడు. బతికున్నప్పుడు ఆమె బుగులు తీర్చింది ఈ చెయ్యి. మరి రెండేళ్లుగా మెరకెక్కి, గేటు తీసి, బండ పక్కన నిలబడి తను తీర్చుకుంటూ వచ్చిన బుగులు ఎవరిది? తనది. చావుకు తాళం వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుని తిరిగింది తను. ఆ సంగతి తెలిశాక కూడా జాగా వదలడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ఒప్పుకునేదాకా ఆగితే పొద్దు ఆగదు.

"వీరేశం, గడ్డపారలు తీస్కొని నడువు."

"ఏడికన్నా?"

"తోటకు. బండ జరపాలె. బలమైన మనుషుల్ని పిలువు."

నిరోష లేచి నిలబడింది. దండం పెట్టబోతే బాలస్వామి చేతులు పట్టుకుని ఆపాడు. "నాకు గాదు బిడ్డా. వద్దు."

దారిలో ఉండగానే విజేందర్ ఫోన్ వచ్చింది. అప్పటికే ఎవరో చేరవేశారు.

"బాపూ, నువ్వు ఆలోచించే చేస్తున్నవా? మరి రేపు నిన్ను ఏడ పెట్టాలె?"

"పెద్దగ ఆలోచించలే బిడ్డా. ఆలోచిస్తే చెయ్యకపోదును." ఫోన్ జేబులో పెట్టేశాడు.

బండ అంత తేలిగ్గా కదల్లేదు. నలుగురు గడ్డపారలు వేసి ఊపితే కిర్రుమని జరిగింది. లోపల ఒక్క చుక్క నీళ్లు లేవు. పొడిగా, శుభ్రంగా, చల్లగా ఉంది. పాస్టరు గారు గొడుగు కింద వాక్యం వెతుకుతున్నారు. బాలస్వామి దగ్గరికి పోయాడు.

"ఆ గేటు కాడ పడి ఉన్న బీదోని వాక్యం సదువుర్రి."

పాస్టరు గారు ఇబ్బందిగా కదిలారు. సంఘానికి పెద్ద చందా ఇచ్చే మనిషి ముందు వరసలో కూర్చోవడం మొదలుపెట్టాక ఆయన ఆ భాగం జోలికి పోయి చాలా కాలమైంది.

"ఇప్పుడు అది ఎందుకండీ..."

"నా కోసం గాదు. మైసమ్మ కోసం సదువుర్రి."

చదివారు. ధనవంతుడి గేటు దగ్గర పుండ్లతో పడి ఉన్న బీదవాణ్ణి దూతలు తీసుకుపోయారు. ధనవంతుడు కూడా చనిపోయాడు, అతన్నీ పాతిపెట్టారు. అతను పాతాళంలో యాతన పడే చోటికి వచ్చేసరికి పాస్టరు గారి గొంతు సన్నబడింది.

"గట్టిగ సదువుర్రి అయ్యగారూ. వెనకోళ్లకు వినబడతలేదు" అన్నాడు బాలస్వామి.

పెట్టెలోంచి మైసమ్మను తెల్లబట్టతో ఎత్తి దింపారు. తల పడమటికి, కాళ్లు తూర్పుకు. ఆ దినాన లేవగానే ప్రభువు వచ్చే తూర్పు కళ్లెదుట ఉండాలి. నిరోష ముందు మన్ను వేసింది. తర్వాత అందరూ తలా పిడికెడు వేశారు. బండ మళ్లీ పరిచే ముందు వీరేశం దాని మీదున్న పేరు చూసి ఆగాడు.

"తిప్పి వెయ్యిర్రి" అన్నాడు బాలస్వామి.

అందరూ పాట అందుకుంటుండగా అతను భార్య సమాధి వైపు జరిగాడు. సున్నం వేసిన గట్టు మీద చెయ్యి ఆనించాడు. చెప్పాల్సింది చాలా ఉంది. చెప్పింది కొంచెమే. "మైసమ్మ వచ్చింది, సూడు. నేను గింత కింద ఉంట. లేచినంక పైకొస్త. ఎంత దూరమని." అది శ్యామలమ్మకు ధైర్యం చెప్పడమో, తనకు తాను చెప్పుకోవడమో అతనికే తేలలేదు. ఛాతీలో సన్నగా నొప్పి మొదలైంది. ఇవాళ ఆ నొప్పిని తీసుకుపోయి నిలబెట్టుకోవడానికి అతనికంటూ జాగా లేదు.

జనం దిగిపోయారు. సంఘం పెట్టెను ఖాళీగా మోసుకుంటూ కుర్రాళ్లు ముందు నడిచారు. వాన వెలిసింది. భద్రమ్మ కర్ర పొడుచుకుంటూ అందరికన్నా వెనక వస్తుంటే బాలస్వామి ఆగాడు.

"మరి నీ సంగతేంది మరిదీ?" అంది ఆమె.

"నువ్వే చెప్పు. కింద ఖాళీ ఏడ ఉంది?"

భద్రమ్మ నీళ్ల మీదుగా కర్ర చాపింది. "గా తుమ్మచెట్టు కాడ నా మొగడు రాములు. ఆయన పక్కపొంటి జాగా నాది. దాని అవతల ఒక్క మనిషి పట్టే జాగా ఉంటది. నీకు సాల్తది తియ్యి, బక్కగైనవు. ఇటు నువ్వు, అటు రాములు, నడుమ నేను. లేచినంక పంచాయితి పెట్టకుర్రి."

బాలస్వామికి నవ్వొచ్చింది, ఆ రోజులో మొదటిసారి. "నా అవతల ఎవలున్నరు?"

ఆమె చాపిన కర్ర దించింది. "సాలమ్మ బిడ్డ. ఆడపిల్ల. పేరు పెట్టకముందే పోయింది. గుర్తుకు ఒక ఇటుక పాతినం. గా పెద్ద రోగం, కరోనా వచ్చిన ఏడు సాలమ్మ గూడ పోయింది. ఆమెను ఏడనో పట్నంల పూడ్సిండ్రు. పిల్ల ఒక్కతే ఉంది ఈడ."

"పసిపిల్ల" అన్నాడు బాలస్వామి.

"పసిపిల్లనే. నెల గూడ నిండలే."

"నడవ రాదు గదా వదినే. ఆనాడు అందరు లేచి పోతుంటే దాన్ని ఎవలెత్తుకుంటరు?"

బాలస్వామి చెప్పులు విడిచి గట్టు మీద పెట్టాడు. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, నీళ్లలోకి దిగాడు. బురద కాళ్ల కింద మెత్తగా జారుతోంది.

"ఆ ఇటుక ఏ దిక్కు ఉంటదో చూపియ్యి" అన్నాడు.

ఆమె కర్రతో చూపిస్తుంటే, అతను అటు నడిచాడు.