ఎడమవైపు పూలు

“ఇవాళా తొమ్మిది తక్కువొచ్చాయి” అనేది అత్తయ్య దేవుడి గదిలోంచి, దాదాపు రోజూ. శ్యామ్‌కి ప్రమోషన్ రావాలని, నలభై ఒక్క రోజులు నూట ఎనిమిది నందివర్ధనాలతో శివుడికి పూజ చేస్తానని మొక్కుకుంది ఆవిడ. మొక్కు ఆవిడది, ప్రమోషన్ మా ఆయనది, కొయ్యడం నాది. వంగితే నడుం పట్టేస్తుందట. ఏడున్నరకి నాకు మొదటి మీటింగ్. ఆలోపే కాఫీలు, టిఫిన్, ఈ పూలు. తెల్లాపూర్‌లో ఈ ఇంట్లో దిగినప్పుడు ఆవిడే అమలాపురం నుంచి కొమ్మ తెచ్చి నాటింది. ఇప్పుడది నా ఎత్తు పొద.

తొమ్మిది ఎందుకు తగ్గుతున్నాయో పనికొచ్చే పోచమ్మ చెప్పేదాకా నాకు తెలియలేదు. “ఎడమ దిక్కు పూలన్ని గట్లనే ఇడిచిపెడ్తున్నవేందమ్మా? శివునికి గీ దిక్కువి పనికిరావా?” అని నవ్వింది. తల పూర్తిగా తిప్పితే తప్ప నాకవి కనబడలేదు, గుత్తులు గుత్తులుగా. నాకు నవ్వు రాలేదు. నెల రోజులుగా నా ఎడమ భుజం గుమ్మాలకి కొట్టుకుంటోంది. దీపం చుట్టూ రంగుల వలయం కనిపిస్తోంది. కంటి డాక్టరు దగ్గర రెండుసార్లు టైం తీసుకున్నాను. ఒకసారి శ్యామ్ స్నేహితులు భోజనానికొచ్చారు, ఇంకోసారి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ అడ్డొచ్చింది. స్క్రీన్ చూసేవాళ్ళందరికీ ఉండేదే, నేనేమైనా గోల చేస్తున్నానా అన్నాడు శ్యామ్, ఫోన్లోంచి తలెత్తకుండా.

అత్తయ్యది మాత్రం ప్రేమే, కాదనలేను. నిన్న సాయంత్రం నన్ను సోఫాలో పడుకోబెట్టి, చన్నీళ్ళలో తడిపిన నందివర్ధనాలు రెండు కళ్ళ మీదా పెట్టింది. చలువ చేస్తుందట, వాళ్ళమ్మ పెట్టేదట. హాయిగానే ఉంది. కాసేపటికి ఎడమ కంటి మీది పువ్వు జారిపోయింది. కన్ను తెరిచాను. ఎదురుగా ఉండాల్సిన టీవీ లేదు. శ్యామ్ లేడు. కోకాపేట ట్రాఫిక్‌ని తిడుతున్న అతని గొంతు మాత్రం వినిపిస్తోంది. అంచున బూడిదరంగు చీలిక ఒకటి, అంతే. కుడి కంటి మీది పువ్వు లాగేశాను. ఇల్లంతా తిరిగొచ్చింది. ఇన్నాళ్ళూ ఒక్క కంటితోనే కూరలు తరిగాను, కోడ్ రాశాను, బాగానే ఉన్నానని అందరికీ చెప్పాను.

ఈ రోజు నలభై ఒకటో రోజు. తొమ్మిదింటికి చుట్టాలొస్తారు. నేను ఎనిమిదింటికి ఆసుపత్రిలో టైం తీసుకున్నాను. బుట్ట అత్తయ్య చేతికిచ్చి ఈ పూట మీరే కోసుకోండి అన్నాను. ఇన్నాళ్ళ పూజ పాడుచేస్తావా అందావిడ. ఒక్కరోజు ఆగితే కొంప మునగదు కదా అన్నాడు శ్యామ్ మేడ మీంచి.

“మునుగుతుంది” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గేటు దగ్గర క్యాబ్ కోసం నిలబడ్డాను. అత్తయ్య విసురుగా పొద దగ్గరికెళ్ళి కొయ్యడం మొదలుపెట్టింది. కుడివైపు ఒక్క పువ్వు మిగల్చకుండా కోసి, బుట్ట పట్టుకుని వెనుదిరిగింది. ఎడమవైపు పూలన్నీ తెల్లగా అలాగే ఉన్నాయి.

దగ్గరికి వెళ్ళాను.

“అత్తయ్యా, అవి కొయ్యలేదేం?”

“ఏవి?” అంది. పొదవైపు తిరిగి, తల పూర్తిగా తిప్పి చూసింది. నాకు తెలిసిపోయిందని అర్థమైనట్టుంది, గొంతు తగ్గించింది. “ఎడమది పోయి పదేళ్ళయిందమ్మా. మీ మావయ్యగారికి చెబితే పూలు పెట్టుకోమన్నారు. ఒక కన్నున్నా ఇల్లు గడిచిపోతుందిలే అనుకున్నాను. ఈ మధ్య రెండోదీ మసకేస్తోంది. అందుకే నిన్ను కొయ్యమన్నాను.”

మూడు కళ్ళున్న దేవుడికి ఇన్నాళ్ళూ మేమిద్దరం చెరో కంటితో పూజ చేశామన్నమాట.

క్యాబ్ హారన్ కొట్టింది. మేడ మీంచి శ్యామ్ కాఫీ అడుగుతున్నాడు. ఆవిడ చేతిలోంచి బుట్ట తీసి మెట్టు మీద పెట్టాను.

“చెప్పులు వేసుకోండి” అన్నాను.