సంచిలో ఊపిరి

మా మెట్టలో గాలిని నమ్మడానికి లేదని కంపెనీకి చెప్పినవాడు పరాయివాడు కాదు, మా అక్క మొగుడే. వెంట్రుకవాసి వంకర ఒప్పుకోడని పనివాళ్ళంతా ఆయన్ని రసమట్టం అంటారు. బాగుందని ఒక్క సంతకం గీకితే ఆయన సొమ్మేం పోయేది?

కంపెనీ గాలిమరలకు చోటు వెతుకుతోంది. మా మెట్ట నచ్చితే కౌలు వస్తుంది, నేల బ్యాంకు తాకట్టులోంచి బయటపడుతుంది. అందుకే బావ కంపెనీ తరఫున గాలి కొలిచే కొత్త మీటరు బిగించడానికి వస్తే స్తంభం నేనే ఎక్కాను. కిందటేడు మా తమ్ముడు బక్కోడు పడి చచ్చిపోయింది ఆ స్తంభం మీంచే.

ఆ మీటరుకు పాతవాటిలా గాలికి తిరిగే గిన్నెలుండవు. పీతకాళ్ళలా వంగిన కడ్డీల మధ్య శబ్దం అటూ ఇటూ పోతూ గాలిని కొలుస్తుంది. ఇనప స్తంభం పక్కన దిక్సూచి తప్పుడు దిక్కు చూపిస్తుంది కనక, బావ దూరంగా నిలబడి దుర్బిణీలోంచి చూస్తున్నాడు.

"మట్టంలో బుడగ మధ్యకొచ్చిందా?"

"వచ్చింది బావా."

"బాణం గుర్తు కాస్త కుడికి. కాస్తన్నాను! మీటరు తిప్పుతున్నావా, తిరగలి తిప్పుతున్నావా?"

బాణం ఉత్తర దిక్కుకు కుదిరింది. ఇక కడ్డీలకు మందపాటి సంచి తొడిగి గాలి చొరకుండా కట్టాలి. అప్పుడు కంప్యూటరు సున్నా చూపాలి. సున్నా రాని మీటరును కంపెనీ ఒప్పుకోదు.

కట్టి దిగాను. తెర మీద గీత లేచి, రెండుచోట్ల తట్టుకుని, పొడుగ్గా వాలింది. మళ్ళీ లేచింది.

"సంచి చిరిగిందేమో" అన్నాడు బావ. సంచి మార్చాం. మీటరూ మార్చాం. అదే గీత.

బక్కోడికి చిన్నప్పటినుంచీ ఆయాసం. ఊపిరి లాగుతూ రెండుసార్లు తట్టుకుని, ఈలతో వదిలేవాడు. ఒకే మంచం మీద పెరిగినవాణ్ణి, నాకు తెలియదా?

బావకీ తెలిసిపోయింది. మొహమంతా చెమట. "ఎక్కి వాణ్ణి పొమ్మనరా. నీ మాటైతే వింటాడు."

ఎక్కాను. సంచి ఉబ్బుతోంది, నొక్కుకుపోతోంది. చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది.

"ఒరేయ్" అన్నాను.

ఊపిరి ఆగింది. నేనేం చెబుతానా అని వింటున్నట్టు.

"సున్నా! సున్నా వచ్చింది!" కింద బావ కేక. "పొమ్మను, ఆలస్యం చెయ్యకు!"

ఆ మాట నోట రాలేదు. "పడుకోరా" అని దిగిపోయాను.

గీత మళ్ళీ మొదలైంది. బావ కంప్యూటరు మూసేసి "నీ ఖర్మ" అన్నాడు. ఆ వారమే స్తంభం ఊడదీసి పక్క దిబ్బ మీద పాతించాడు. ఆ దిబ్బ ఆయనదే.

మా మెట్టను బ్యాంకువాళ్ళు వేలం వేశారు. నాకు పోయింది రెండెకరాల ముప్పైనాలుగు సెంట్లు.